రోజూ కాకినాడకి కారు మానేసి బస్సెక్కుదామనుకుంటున్నాను, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

కాలవగట్టు_కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు, ఉద్యోగం కాకినాడలో భానుగుడి వైపు ఒక ప్రైవేటు ఆఫీసులో. రెండేళ్ళ క్రితం లోన్ పెట్టి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, అప్పటినుంచి మురమళ్ళ, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా రోజూ కారులోనే వెళ్ళొస్తున్నాను. రానూపోనూ దగ్గరదగ్గర వంద కిలోమీటర్లు. మొదటి ఆరు నెలలు చాలా బాగుండేది, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని, వంతెన ఎక్కగానే గోదావరి కనబడితే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు ఆ గోదావరి వైపు తల తిప్పి చూసి ఎన్నాళ్ళయిందో. ముందు లారీ, వెనక హారన్, పక్కనుంచి దూరిపోయే బైకులు, ఇవే కనబడుతున్నాయి. ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసి, కుడి మోకాలు లాగేస్తూ, మా పాప వచ్చి ఏదైనా అడిగితే విసుక్కుంటున్నాను. తర్వాత నాకే బాధగా ఉంటోంది.

ఖర్చు సంగతి కూడా చెప్తాను. పెట్రోలు యానాంలో కొట్టిస్తే మన వైపు కన్నా లీటరుకి పది రూపాయల పైనే కలిసొస్తుంది కదా, అలా అక్కడే కొట్టించినా నెలకి పదహారు వేల దగ్గర అవుతోంది. పైన ఈఎంఐ, ఇన్సూరెన్సు, టైర్లు. బస్సుకైతే ఎక్స్‌ప్రెస్‌లో రానూపోనూ రెండొందల లోపే.

కానీ ఇప్పుడు ఇది అడగడానికి కారణం డబ్బు కాదు. మొన్న దాళ్వా (రెండో పంట) వరి కోతలప్పుడు మా ఊరి రోడ్డులో ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి, ఎవరూ తొక్కకుండా అంచున రాళ్ళు పేర్చారు. రైతుల్ని తప్పు పట్టను, కళ్ళం లేకపోతే వాళ్ళు మాత్రం ఎక్కడ ఆరబెట్టుకుంటారు. రాత్రి తొమ్మిది దాటింది, ఎదురుగా ట్రాక్టరు లైటు కళ్ళలో పడి రాయి మీదకి ఎక్కించేశాను. టైరు పేలి బండి కాలవ వైపు జారింది, గట్టు మీద కొబ్బరిచెట్టు ఉండబట్టి ఆగింది. నాకేం కాలేదు. కానీ ఆ రోజు నేను సగం నిద్రలో నడుపుతున్నానని నాకు తెలుసు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి చెప్తున్నాను.

బస్సుకి మారితే టైముకి వెళ్ళగలనా, రద్దీ ఎలా ఉంటుంది, సాయంత్రం ఆలస్యమైతే ఏం చేయాలి? ఇంకోటి, మా నాన్నగారు "కారు గుమ్మంలో పెట్టుకుని బస్సెక్కితే ఊళ్ళో ఏమనుకుంటారు" అంటున్నారు. ఆయనకి ఏం చెప్పాలో కూడా చెప్పండి.


పాలకొల్లు_టీచరమ్మ:

ముందు మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం తమ్ముడూ. ఆ విషయం మీ ఆవిడకి చెప్పండి, దాచుకోకండి.

నేను పాలకొల్లు నుంచి వీరవాసరం అవతల ఒక ఊరి స్కూలుకి పదకొండేళ్ళుగా బస్సులో వెళ్తున్నాను. అంతకుముందు రెండేళ్ళు మావారి బండి మీద, తర్వాత కొన్నాళ్ళు నేనే స్కూటీ మీద. చేపల లారీ వెనక పడితే దాన్నుంచి కారే నీళ్ళు మొహం మీద పడేవి, చీర అంతా ఆ వాసనే, రోడ్డు కూడా జారుడు. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు దిగితే చెరువులకీ రోడ్డుకీ తేడా తెలిసేది కాదు. బస్సుకి మారాక ఆ భయం పోయింది.

రద్దీ గురించి అబద్ధం చెప్పను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్ లేదు కదా, ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టిస్తారు. అప్పటినుంచి ఉదయం ఎనిమిదింటి బస్సు నిండిపోతోంది. కొన్నిరోజులు నిలబడే వెళ్తాను. కాళ్ళు నొప్పి పుడతాయి, నిజమే. కానీ నాతోపాటు ఎక్కేవాళ్ళని చూడండి, ఇదివరకు ఇంటికే పరిమితమైన ఆవిడ ఇప్పుడు భీమవరం వెళ్ళి బట్టల షాపులో పని చేసుకుంటోంది. జీతంలో సగం చార్జీలకే పోతుందని ఇన్నాళ్ళూ వెళ్ళలేదట. అది తెలిశాక నిలబడడం నాకు పెద్ద కష్టంగా అనిపించడం లేదు. నాకు మిగిలిన చార్జీ డబ్బులు మా అమ్మాయి పేరు మీద పోస్టాఫీసులో వేస్తున్నాను.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. బస్సులో మాకు ఒక జట్టు ఉంది. నేను, బ్యాంకులో చేసే ఆవిడ, ఇద్దరు నర్సింగు చదివే పిల్లలు, కూరగాయల బుట్టతో ఎక్కే ఒక పెద్దావిడ. ఒకరు రాకపోతే మిగతావాళ్ళు ఫోన్ చేస్తారు. మా అత్తగారికి ఒంట్లో బాగోనప్పుడు ఏ ఆస్పత్రికి వెళ్ళాలో చెప్పింది ఆ నర్సింగు పిల్లలే. ఆవకాయ రోజుల్లో కాయ ఎక్కడ బాగుందో, ఎవరి దగ్గర గానుగ నూనె దొరుకుతుందో, ఎవరింట్లో సంబంధం చూస్తున్నారో అన్నీ ఆ నలభై నిమిషాల్లోనే. స్కూటీ మీద వెళ్ళినన్నాళ్ళు నాకు ఆ దారిలో ఒక్క మనిషీ తెలియదు. బస్సు దిగి స్కూలుకి పన్నెండు నిమిషాలు నడుస్తాను, రోజుకి రెండుసార్లు. డాక్టరు చెప్పిన నడక దానికే సరిపోతోంది.

మీ నాన్నగారికి ఏమీ చెప్పకండి, ఒక నెల వెళ్ళండి. ఇంటికొచ్చాక మీ మొహం చూసి ఆయనకే తెలుస్తుంది.


లంకలో_ఉంటా:

టీచరుగారూ, మీది మెయిన్ రోడ్డు కాబట్టి మీకు బాగానే ఉంటుందండి. మాది లంక ఊరు, అంటే గోదావరి పాయల మధ్యలో ఉండే ఊరు. రోజుకి రెండు ట్రిప్పులు, అవి దాటిపోతే సెంటరుకి నాలుగు కిలోమీటర్లు నడవాలి లేదా ఆటో కోసం చూడాలి. జులై, ఆగస్టుల్లో వరదొస్తే ఆ రెండూ ఉండవు, మా పక్క ఊళ్ళో కాజ్‌వే మునిగితే పడవే గతి. మా నాన్నకి అర్ధరాత్రి పక్షవాతం వచ్చినప్పుడు పక్కింటి కారు ఉండబట్టి బతికారు. అందుకే మేము కూడా అప్పు చేసి కారు కొన్నాం. బస్సు మంచిదే, కాదనను. కానీ ఉన్న కారు అమ్మేయమని ఎవరూ సలహా ఇవ్వకండి, పల్లెటూళ్ళో కారు అంటే కొన్నిసార్లు అంబులెన్సు.

బ్రదర్, మీకు ఆఫీసులో సాయంత్రం లేటయ్యే రోజులు ఎన్ని? వారానికి మూడు రోజులు ఎనిమిది దాటితే మాత్రం బస్సు కోసం పరుగులు పెట్టడం కూడా టెన్షనే. ముందు ఆ లెక్క చూసుకోండి.


స్టీరింగ్_దించేశాను:

బాబూ, నేను రాజోలు డిపోలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. నీ పోస్టు మా అబ్బాయి చదివి వినిపించాడు, నేను చెప్తుంటే తనే టైపు చేస్తున్నాడు, కాస్త పెద్దదవుతుంది.

ముందు ఆ కాలవ సంగతి. మన రోడ్లు మామూలు రోడ్లు కావు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క బోదె (పిల్ల కాలవ), చాలాచోట్ల రెయిలింగు ఉండదు, గట్టు లోపల నీళ్ళు కోసేసి పైన మాత్రం గడ్డి పచ్చగా ఉంటుంది. సార్వా కోతలకీ దాళ్వా కోతలకీ రోడ్డు మీద ధాన్యం, గడ్డి మోపులతో ట్రాక్టర్లు, వెనక లైటు ఉండదు. కొబ్బరికాయల లోడు, రొయ్యల ఐసు లారీలు సరేసరి. బస్సు డ్రైవరు సీటు ఎత్తులో ఉంటుంది, గట్టు ఎక్కడ కోసుకుపోయిందో, ధాన్యం రాశి అవతల ఏముందో మాకు ముందే కనబడుతుంది. కారులో కూర్చున్నవాడికి బానెట్టు ముందున్నదే కనబడుతుంది. ఇది నీ తప్పు కాదు, ఎత్తు తేడా.

రెండోది అలసట. నువ్వు పగలంతా కంప్యూటరు ముందు బుర్ర అరగదీసుకుని, అప్పుడు స్టీరింగు పడుతున్నావు. నీకు అది రెండో ఉద్యోగం. మాకు అదే ఉద్యోగం. డ్యూటీకి ఎక్కేముందు డిపోలో మిషన్లో ఊది చూపించాలి, తాగినట్టు తేలితే బండి ఇవ్వరు. రోజూ అదే దారి, ఏ మలుపులో బడి పిల్లలు ఉంటారో, ఏ గేదెలు ఏ టైముకి రోడ్డు దాటుతాయో కూడా మాకు తెలుసు. నాకూ కునుకు ముంచుకొచ్చిన రాత్రులు ఉన్నాయి. అప్పుడు బండి పక్కన పెట్టి, మొహం కడుక్కుని, టీ తాగి, మళ్ళీ కదిలించాను. ప్రయాణికులు తిట్టినా సరే. నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు నిన్ను అలా ఆపేవాళ్ళు ఉండరు, ఇంటికి త్వరగా పోదామనే ఉంటుంది.

నూనె లెక్క కూడా చెప్తాను, డిపోలో మాకు రోజూ ఇదే గొడవ, కేఎంపీఎల్, అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందని. పల్లెవెలుగు బండి లీటరు డీజిలుకి అయిదు కిలోమీటర్లు, అటూఇటూ ఇస్తుంది. నీ కారు పదిహేను ఇస్తుంది, పైకి కారే మేలనిపిస్తుంది. కానీ నా బండిలో యాభై మంది ఉంటే ఆ ఒక్క లీటరుతో యాభై మందీ అయిదేసి కిలోమీటర్లు వెళ్ళారు, అంటే మనిషి లెక్కన చూస్తే 250 కిలోమీటర్లు. నీ లీటరుతో ఒక్క మనిషి 15 కిలోమీటర్లు. ఆ యాభై మందీ మనిషికో కారు తెస్తే ఎదుర్లంక వంతెన మీద ఎంత పెద్ద వరస కడతారో చూసుకో. సంక్రాంతి మూడు రోజులూ చూస్తున్నాం కదా, భీమవరం రోడ్డులో కార్లు కదలవు, మా బండీ వాటి మధ్యలోనే ఇరుక్కుంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ఎదుర్లంక వంతెన, అదే బాలయోగి వారధి, లేదు. కాకినాడ వెళ్ళాలంటే ఎదుర్లంకలో బస్సు దిగి, పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి, యానాంలో ఇంకో బస్సు ఎక్కాలి. లేదా రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాలి. గాలి పెట్టినా, నీరు పెరిగినా పంటు ఆపేసేవారు. పెళ్ళివారు రేవులో కూర్చుండిపోవడం నేను చూశాను. ఇప్పుడు బస్సులో కూర్చుంటే వంతెన దాటిన సంగతే తెలియదు. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు, కోటిపల్లి నుంచి నరసాపురం లైను పూర్తవ్వాలి. అందాకా మన కోనసీమకి బస్సే రైలు. అందుకని నాకు దాని మీద అంత ప్రేమ.

ఇక లంకలో ఉండే బాబుకి. నువ్వు చెప్పింది నిజం, రెండు ట్రిప్పులంటే కష్టమే. కానీ ఆ రెండు ఎందుకయ్యాయో నాకు తెలుసు. మేము ఓఆర్ అంటాం, అంటే బండిలో సీట్లకి ఎంతమంది ఎక్కారన్న లెక్క. ఒక ఊరి ట్రిప్పులో నెలల తరబడి పదిమంది కూడా ఎక్కకపోతే ఆ ట్రిప్పు ఉంచమని ఏ అధికారి రాస్తాడు? నేను నడిపిన ఒక నైట్ హాల్ట్ బండి అలాగే పోయింది. రాత్రి ఊళ్ళో బండి పెట్టుకుని, గుడి అరుగు మీద పడుకుని, తెల్లవారుజామున పాలవాళ్ళనీ కాలేజీ పిల్లల్నీ ఎక్కించుకుని వచ్చేవాళ్ళం. ఇంటికో బైకు వచ్చింది, పిల్లలు ఎక్కడం మానేశారు, ట్రిప్పు తీసేశారు. ఇప్పుడు ఆ ఊళ్ళో బైకు నడపలేని ముసలివాళ్ళకి ఏమీ లేదు. కారు అమ్మమని నేనూ చెప్పను. రాత్రి అవసరానికి ఉంచుకో. పగటి పనికి మాత్రం, వీలున్న రోజు బస్సెక్కు. మీ ఊరి నుంచి ఓ ఇరవై మంది రోజూ ఎక్కుతామని పేర్లు రాసి, సంతకాలు పెట్టి డిపో మేనేజరుకి అర్జీ ఇవ్వండి. ఉట్టినే బస్సు కావాలని అడిగేదానికీ, ఎక్కేవాళ్ళ లెక్క చూపించి అడిగేదానికీ చాలా తేడా ఉంటుంది.

బాబూ కాలవగట్టు, నీకు చిన్న విషయాలు. వెనక చక్రం మీద సీటు వద్దు, నడుం ఇంకా పోతుంది, బండి మధ్యలో కూర్చో. ఉదయం నీకు కావలసిన బస్సుకి ఒకటి ముందుది పట్టుకో. నెలవారీ సీజన్ టికెట్ సంగతి బస్ కాంప్లెక్సులో కనుక్కో, రోజూ కొనేదానికన్నా తగ్గుతుంది. మీ నాన్నగారికి అరవై దాటితే ఆధార్ చూపించి టికెట్లో నాలుగో వంతు రాయితీ తీసుకోవచ్చని చెప్పు. ఆయన్ని ఒకసారి నీతోపాటు కాకినాడ తీసుకెళ్ళు.


గ్రూప్స్_చదువుతున్నా:

నేను రావులపాలెం నుంచి రాజమండ్రి కోచింగ్‌కి వెళ్తానన్నా. బండి రావులపాలెం బస్టాండు దగ్గర స్టాండులో పెట్టేస్తా. బస్సులో పుస్తకం చదివితే నాకు తల తిరుగుతుంది, అందుకని క్లాసులు ఇయర్‌ఫోన్స్‌లో వింటా. వెళ్ళేటప్పుడు ఒక గంట, వచ్చేటప్పుడు ఒక గంట, పాలిటీ మొత్తం అలాగే రెండుసార్లు రివిజన్ అయిపోయింది. బైకు మీద వెళ్ళినప్పుడు ఆ రెండు గంటలూ జొన్నాడ వంతెన మీద గాలికీ దుమ్ముకీ పోయేవి.

ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్ వేసుకో, చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కడున్నాయో చూపిస్తుంది. పల్లెవెలుగుకి దాన్ని నమ్ముకోకు. దూరం ఊళ్ళకి టికెట్ అయితే వాట్సాప్‌లో ప్రభుత్వం వాళ్ళ 'మన మిత్ర' సేవలో కూడా బుక్ అవుతుంది.


లంకలో_ఉంటా:

పెద్దాయనా, ఆ నైట్ హాల్ట్ బండి మాట చదివి కాసేపు అలా ఉండిపోయాను. మా ఊరికి కూడా నా చిన్నప్పుడు ఒకటి ఉండేది, డ్రైవరుగారికి మా నానమ్మ రాత్రి భోజనం పంపేది. అర్జీ ఆలోచన బాగుంది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఇప్పటికి తొమ్మిది మంది పేర్లు వచ్చాయి, ఎక్కువమంది డిగ్రీ పిల్లలే. ఇరవై అయ్యాక వెళ్తాం.


కాలవగట్టు_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్సండి. వెంటనే రాయకుండా నెల రోజులు చూసి రాద్దామని ఆగాను.

పనిదినాల్లో ఎక్కువ రోజులు బస్సే ఎక్కాను. అయిదు రోజులు కారు తీశాను, మూడు రోజులు ఆఫీసులో నెలాఖరు పని వల్ల ఎనిమిదిన్నర దాటింది, రెండు రోజులు పాపకి జ్వరం. లంక బ్రదర్ చెప్పినట్టు ముందే ఆ లెక్క చూసుకుని, లేటవుతుందని తెలిసిన రోజు మాత్రమే కారు తీస్తున్నాను. ఊరి నుంచి సెంటరు దాకా బైకు, అక్కడ తెలిసిన కొట్టు దగ్గర పెట్టి బస్సు, కాకినాడ కాంప్లెక్సు నుంచి షేర్ ఆటో. మొత్తం మీద కారు కన్నా ఒక వైపుకి ముప్పావు గంట దాకా ఎక్కువ పడుతోంది, అది ఉన్నమాట. లేవడం అరగంట ముందుకి జరిపాను. మొదటి వారం చాలా విసుగొచ్చింది, ఒకరోజు సాయంత్రం యానాం దాకా నిలబడే వచ్చాను, రేపటి నుంచి కారే అనుకున్నాను కూడా.

రెండో వారంలో అనుకుంటా, సాయంత్రం కిటికీ పక్కన సీటు దొరికింది. వంతెన మీదకి వచ్చేసరికి సూర్యుడు దిగుతున్నాడు, గౌతమి నీళ్ళన్నీ ఎర్రగా, ఇద్దరు మనుషులు చిన్న పడవలో వల లాగుతున్నారు. అటు నుంచి ఇటు చివర దాకా చూస్తూనే ఉన్నాను. తర్వాత నిద్ర పట్టేసింది, మురమళ్ళ దాటాక పక్కాయన తట్టి లేపారు, "ముమ్మిడివరం కదండీ మీది" అని. ఆయనకి నేను ఎక్కడ దిగుతానో తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటికెళ్ళాక పాపని కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించాను, విసుక్కోలేదు.

డబ్బు చెప్తాను. అయిదు రోజుల పెట్రోలు, బస్సు, ఆటో అన్నీ కలిపినా పదహారు వేలల్లో సగం కూడా అవ్వలేదు. మిగిలింది లోన్‌లో అదనంగా కడుతున్నాను. నడుం నొప్పి పూర్తిగా పోలేదు కానీ మోకాలు మాత్రం లాగడం లేదు. ఆ రాత్రి సంగతి మా ఆవిడకి చెప్పాను టీచరుగారూ. చాలాసేపు ఏడ్చింది, తర్వాత ఏమీ అనలేదు.

పెద్దాయనా, మీరు చెప్పినట్టే మొన్న శనివారం నాన్నగారిని కాకినాడ తీసుకెళ్ళాను, కంటి డాక్టరు దగ్గరికి. ముందు సీటులో కూర్చుని ఎదుర్లంక వచ్చేదాకా డ్రైవరుగారితో పాత పంటు కబుర్లే. ఆయన కుర్రాడు, పంటు రోజులు తెలియవట, శ్రద్ధగా విన్నారు. వచ్చేటప్పుడు నాన్నగారే నాకన్నా ముందు ఎక్కి నా కోసం తువ్వాలు వేసి సీటు ఆపారు.

ఇప్పుడు ఒక్కటే తెలుసుకోవాలి. వచ్చే నెల నుంచి మాకు కొన్ని ఆదివారాలు కూడా డ్యూటీ వేస్తామంటున్నారు. ఆదివారం ఉదయం ఏడింటిలోపు ముమ్మిడివరం నుంచి కాకినాడకి ఎక్స్‌ప్రెస్ పట్టుకునేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఎన్నింటికి వస్తోందో కాస్త చెప్పండి.